తలుపుకు కట్టిన వేపమండ

స్నిగ్ధకు అమ్మవారు పోసిందని ఫోన్ వచ్చిన రోజు అరుంధతి నిజంగానే ఏడ్చింది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే తర్వాత జరిగింది విన్నాక, "ఆ పిల్లకు మొదట్నుంచీ స్నేహితురాలి మీద కడుపుమంటే" అనేవాళ్ళు తప్పకుండా బయల్దేరతారు. మన జనం సంగతి నాకు తెలియదా! కడుపుమంట కాదు కదా, స్నిగ్ధ మీద ఈగ వాలితే ఓర్చుకునేది కాదు అరుంధతి.

ఇద్దరిదీ ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. హబ్సిగూడ రోడ్డు మీద ఉన్న ఒక కాలేజీ, పేరెందుకు లెండి. అక్కడ పిల్లల్ని మార్కుల జల్లెడ పట్టి, మేలైన వాళ్ళను స్టార్ బ్యాచ్ అని విడిగా కూర్చోబెడతారు. మంచి లెక్చరర్లందరూ ఆ బ్యాచ్‌కే. మిగతా పిల్లల ఫీజులు మాత్రం అవే. ఆ స్టార్ బ్యాచ్‌లో వారం వారం పెట్టే పరీక్షలో మొదటి పేరు అరుంధతిది, రెండో పేరు స్నిగ్ధది. ఎప్పుడో ఒకసారి తప్ప ఆ వరస మారింది లేదు.

అరుంధతి వాళ్ళది లాలాగూడ రైల్వే క్వార్టర్స్. తండ్రి లక్ష్మీనర్సయ్య వర్క్‌షాపులో ఫిట్టరు. వచ్చే ఎండాకాలం ఆయన రిటైరవుతాడు, క్వార్టర్ ఖాళీ చేసి జనగామ పక్కనున్న ఊరికి పోవాలి. ఆయన బిడ్డను కూర్చోబెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "ఒక్కసారే బిడ్డా. ఎమ్సెట్ల సీటొస్తే హాస్టల్ల ఉండి డాక్టర్ చదువు. రాకుంటే నాతోని మన ఊరికొచ్చి డిగ్రీల చేరు. ఇంకొక యాడాది కోచింగు అంటే నావల్ల కాదు."

స్నిగ్ధ వాళ్ళది తార్నాకలో అపార్ట్‌మెంటు. తండ్రి రఘువీర్ హబ్సిగూడలో సైంటిస్టు, సొంతూరు భీమవరం. స్నిగ్ధ పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. ఈ ఏడాది సీటు రాకపోతే వచ్చే ఏడాది, అప్పుడూ రాకపోతే ఆపై ఏడాది. ఆ ఇంట్లో ఎవరికీ తొందర లేదు, స్నిగ్ధ తల్లి సుధామయికి తప్ప.

రెండు వేల పదకొండు సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోల్లో ఆగిపోయాయి, ఆఫీసులు ఆగిపోయాయి, బళ్ళకూ కాలేజీలకూ తాళాలు పడ్డాయి. అరుంధతికి సమ్మె మీద కోపం లేదు. ఎందుకుంటుంది? అన్న బిక్షపతి యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతూ పుస్తకం మూసేసి ఉద్యమంలోకి దిగినవాడు. లాఠీ దెబ్బకు వాడి మోచేయి ఇప్పటికీ పూర్తిగా ముడవదు. తెలంగాణ రావాలి, నాకు సీటూ రావాలి అనేది ఆ పిల్ల లెక్క. తాళం పడితే అందరి కాలేజీలకూ పడింది కదా, అందరం ఒకచోటే ఆగాం కదా అని గుండె దిటవు చేసుకుంది.

చదువు మాత్రం ఆపలేదు. స్నిగ్ధా తనూ రోజూ పొద్దున్నే యూనివర్సిటీకి నడిచిపోయి, ఆర్ట్స్ కాలేజీ వెనకవైపు మెట్ల మీద కూర్చునేవాళ్ళు. ముందువైపు మీటింగులు, డప్పులు, నినాదాలు. వెనకవైపు కప్ప గుండె, మనిషి మూత్రపిండం. మొదట్లో చెవులు గింగిర్లెత్తేవి. తర్వాత డప్పు ఆగితేనే పాఠం తప్పేవాళ్ళు.

నాలుగు సబ్జెక్టులూ ఇద్దరూ మొదటినుంచి చదువుకుంటూ కూర్చుంటే ఎప్పటికి తెమిలేది? అందుకని పంచుకున్నారు. జువాలజీ, ఫిజిక్స్ అరుంధతి వంతు. బాటనీ, కెమిస్ట్రీ స్నిగ్ధ వంతు. ఎవరి వంతు పాఠం వాళ్ళు ఇంటి దగ్గర క్షుణ్ణంగా నేర్చుకుని వచ్చి, రెండోవాళ్ళకు పుస్తకం తెరవకుండా నోటితో చెప్పాలి. లెక్చరర్ గంటసేపు చెప్పినా ఎక్కనిది దోస్తు చెబితే ఇట్టే ఎక్కుతుందనేది వాళ్ళ నమ్మకం, నమ్మకం తప్పేమీ కాదు.

"ముందు నీ రెండూ కానిచ్చెయ్ అరూ," అంది స్నిగ్ధ. "జువాలజీ అంటే నాకు చచ్చేంత భయం. అది అయిపోతే నాకు ధైర్యం వస్తది. తర్వాత నా రెండూ నేను చెప్పేస్తా."

"గట్లనే కానీ," అంది అరుంధతి. ఆ ఒక్క మాటతో ఆ పిల్ల మెడ ముందుకు పెట్టేసింది. ఎవరికి తెలుసు?

తెల్లవారకముందే లేచేది. కొళాయి దగ్గర బిందె పెట్టి, అది నిండేలోపు ఒక పేజీ. బియ్యం కడుగుతూ నాడీ మండలం, బట్టలు ఆరేస్తూ విద్యుత్తు. బాటనీ పుస్తకం తెరవనే లేదు. కెమిస్ట్రీ వైపు చూడనే లేదు. అవి స్నిగ్ధ చెబుతుంది కదా! మెట్ల మీద నిలబడి చేతులు తిప్పుతూ, గొంతు మార్చుతూ, రక్తం గుండెలోకి ఎట్లా వస్తుందో, ఎట్లా పోతుందో ఆ పిల్ల చెబుతూ ఉంటే, అటుగా పోయే ఎం.ఏ. పిల్లలు కూడా ఆగి వినేవాళ్ళు. స్నిగ్ధ అడిగిందే అడిగేది. అరుంధతి విసుక్కోకుండా చెప్పిందే చెప్పేది.

బతుకమ్మలు మొదలయ్యే వేళకు అరుంధతి వంతు అయిపోయింది. చివరి పాఠం సెమీకండక్టర్లు. స్నిగ్ధ లేచి వాటేసుకుంది. "నువ్వు లేకపోతే నేను జువాలజీలో మునిగిపోయేదాన్నే! రేపట్నుంచి నేను టీచర్ని, నువ్వు స్టూడెంటువి. ఫొటోసింథసిస్‌తో మొదలుపెడదాం, సరేనా?" తార్నాక దాకా నడిచి మిరపకాయ బజ్జీలు తిని ఎవరింటికి వాళ్ళు పోయారు.

మర్నాడు పొద్దున ఫోను. సుధామయి చేసింది. "అమ్మాయ్ అరుంధతీ, స్నిగ్ధకి అమ్మవారు పోసిందమ్మా. ఒళ్ళంతానూ. ఫోను పట్టుకునే ఓపిక కూడా లేదు పిల్లకి. నువ్వు మాత్రం ఇటు రాకమ్మా, నీకు గానీ అంటుకుంటే చదువంతా పాడైపోతుంది."

తన చదువు గురించి ఆ తల్లి ఎంత ఆలోచించింది అని అరుంధతి పొంగిపోయింది. అప్పుడే ఏడ్చింది.

అరుంధతి తల్లి కొమురమ్మ ఇంకొక ఆకు ఎక్కువే చదివింది. ఆ రోజు నుంచి తెల్లారగానే తానం చేసి, చెంబెడు చల్లనీళ్ళలో పసుపూ వేపాకూ వేసుకుని పోచమ్మ గుడికి పోయి, అమ్మవారి మీద పోసి వచ్చేది. "తల్లీ, ఆంధ్రోళ్ల పిల్లయితేంది, మా ఇంట్ల తిన్న పిల్లనే. చల్లగ సూడు. ఒక్క మచ్చ గూడ మిగలనియ్యకు," అని మొక్కుకునేది. తన పిల్లలకు పోసినప్పుడు కూడా అంత శ్రద్ధగా మొక్కిందో లేదో నాకు అనుమానమే.

అరుంధతి ఊరుకోలేకపోయింది. అమ్మవారు పోసినవాళ్ళకు చలువ చేయాలని కొబ్బరిబొండాలు కొని, బస్సుల్లేవు కనక లాలాగూడ నుంచి నడుచుకుంటూ తార్నాక పోయేది. మూడో అంతస్తు. తలుపు పైన పచ్చగా వేపమండ కట్టి ఉండేది. వేపమండ ఉన్న తలుపు తట్టకూడదు. గడప పక్కన బొండాం పెట్టి, మనసులో దండం పెట్టుకుని, చప్పుడు చేయకుండా దిగి వచ్చేసేది. అట్లా రోజు విడిచి రోజు పోయింది. దసరా కూడా దాటిపోయింది. ఫొటోసింథసిస్ మొదలవలేదు. తనే చదువుకుందామని పుస్తకం తీస్తే, స్నిగ్ధ రేపో ఎల్లుండో లేస్తుంది, ఇద్దరం కలిసే చేద్దాం అని మళ్ళీ మూసేది.

ఆ తర్వాత ఒక పొద్దున బొండాం కింద పెడుతూ వంగిన మనిషి వంగినట్టే ఆగిపోయింది.

లోపల్నుంచి పోపు వాసన వచ్చింది.

అల్లాటప్పా వాసన కాదు. ఎండుమిర్చి, ఆవాలు, ఇంగువ, కరివేపాకు. చుయ్యిమన్న చప్పుడుతో సహా. అమ్మవారు పోసిన ఇంట్లో పోపు పెట్టరు. ఆ ఘాటు తగిలితే తల్లి ఉగ్రమవుతుందని, పిల్లకు దురద పెరుగుతుందని, తగ్గి తలస్నానం అయ్యేదాకా చప్పిడి కూరలే వండుతారు. కొమురమ్మ ఇంట్లో అయినా అంతే, భీమవరంలో అయినా అంతే. చదువుకున్నవాళ్ళు, పట్టింపులుండవేమో అని ఒక్క క్షణం సర్దుకోబోయింది అరుంధతి. పట్టింపు లేనివాళ్ళు వేపమండ ఎందుకు కట్టారు? వేపమండ కట్టినవాళ్ళు పోపెందుకు పెట్టారు?

లోపల గడియ తీసిన చప్పుడైంది. ఎందుకో ఆ పిల్లకే తెలియదు, గబగబా పై అంతస్తు మెట్లెక్కి గోడ పక్కన నిలబడింది.

స్నిగ్ధ బయటికి వచ్చింది. లేతాకుపచ్చ చుడీదారు, తలకు పూలు. చేతిలో కూరగాయల సంచి, పైన రెండు మునక్కాయలు కనబడుతున్నాయి, అడుగున బరువుగా పుస్తకాల మూలలు పొడుచుకొస్తున్నాయి. మొహం నున్నగా ఉంది. ఒక్క పొక్కు లేదు. ఒక్క మచ్చ లేదు.

"అమ్మా, అరూ మళ్ళీ బొండాం పెట్టి వెళ్ళింది," అంది.

"లోపల పెడతాలే. నువ్వు త్వరగా నడువు, ఆలస్యమైతే బుచ్చిబాబుగారు తలుపు తియ్యరు," అంది సుధామయి.

అమ్మవారి పేరుతో పరాచికాలాడే ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో ఆ తల్లికి! నేనైతే ఆ మెట్ల మీదే జుట్టు పట్టుకునేదాన్ని. అరుంధతి అట్లాంటిది కాదు. సందు తర్వాత సందు స్నిగ్ధ వెనకాలే నడిచింది. వీధి చివర కొత్తగా కట్టిన అపార్ట్‌మెంటు దగ్గర స్నిగ్ధ లోపలికి పోయింది. కాసేపటికి స్టార్ బ్యాచ్ పిల్లలే ఇంకొందరు వచ్చారు. ఒకమ్మాయి చేతిలో పూలసజ్జ, ఇంకో అబ్బాయి భుజాన ఇస్త్రీ బట్టల మూట. "ఎవరింటికి?" అని వాచ్‌మన్ అడిగితే, "పైన సత్యనారాయణ వ్రతానికి," అంటున్నారు. రోజూ వ్రతం చేసుకునే ఇల్లు హైదరాబాదులో అదొక్కటే అయుంటుంది. పైన డాబా మీది గదిలోంచి కాలేజీలో బాటనీ చెప్పే బుచ్చిబాబు సార్ గొంతు కంగుమని వినబడింది. ఫొటోసింథసిస్ ఎప్పుడో దాటిపోయారు.

వాచ్‌మన్ రెండోసారి తేరిపార చూసేదాకా అరుంధతి అక్కడే నిలబడి ఉంది.

ఇంటికి వచ్చేసరికి కొమురమ్మ ఎదురొచ్చింది. "బొండాం ఇచ్చినవా బిడ్డా? ఎట్లున్నదట పిల్ల?"

"తగ్గుతున్నదట అమ్మా."

"నేను జెప్పలే! పోచమ్మ తల్లి ఊకుంటదా?" అని ఆమె మొహం ఇంత చేసుకుని మర్నాటి వేపాకు కోసం బయల్దేరింది. ఆ నవ్వు మొహం చూశాక అరుంధతికి చెప్పడానికి నోరెట్లా వస్తుంది?

సాయంత్రం బిక్షపతి హాస్టల్ నుంచి అన్నానికి వచ్చాడు. కంచం ముందు కూర్చుని, "ఏమే చెల్లె, ఒకటడుగుత," అన్నాడు. "తార్నాకల యాడనో దొంగతనంగ క్లాసులు నడుస్తున్నయని మా పోరలంటున్నరు. అది గూడ మీ కాలేజీదేనట. లక్షలమంది జీతాలిడిసి సమ్మెల కూసుంటే, వీళ్లు సాటుకు పాఠాలు జెప్పుకుంటున్నరంటే ఒళ్లు మండదా? కని నేనన్న, మా చెల్లె ఆ బ్యాచ్‌ల ఫస్టురా, దానికి తెల్వకుంట క్లాసెట్ల నడుస్తది అని. నీకేమన్న తెల్సా?"

అరుంధతి చెంబు తీసి అన్న గ్లాసులో నీళ్ళు పోసింది. చెప్పేస్తే చాలు, పొద్దున్నే పోరగాళ్ళు ఆ మెట్లెక్కుతారు. స్నిగ్ధ భయపడితే ఎట్లా వణుకుతుందో తనకు తెలుసు. సుధామయి ఆంటీ బలవంతం చేసి ఉంటుంది, దాని తప్పేముంది అనుకుంది. ఇవాళ కాకపోతే రేపు తనే వచ్చి, "అరూ, నన్ను తిట్టకు, ఇదిగో నేర్చుకొచ్చింది నీకు చెప్తా," అంటుందనుకుంది. ఇంకొకటి కూడా అనుకుంది, అది కూడా దాచను. తనను పిలిచి ఉంటే తనూ పోయేదే, అన్నకు చెప్పకుండా మునక్కాయల కింద పుస్తకాలు పెట్టుకుని పోయేదే.

"నాకేం తెల్వదన్నా," అంది.

"గదే! నేను ఒట్టేసి చెప్పిన వాళ్లకు," అని బిక్షపతి హాయిగా అన్నం కలుపుకున్నాడు.

మర్నాడు పొద్దున అరుంధతి తిన్నగా హబ్సిగూడ పోయింది. బుచ్చిబాబు సార్ రోజూ టిఫిన్ చేసే సెంటరు ఏదో ఆ బ్యాచ్ పిల్లలందరికీ తెలుసు. ఆయన నిలబడి ఇడ్లీ తింటున్నాడు. పిల్లను చూడగానే చుట్టూ చూశాడు.

"సార్, నన్నెందుకు పిలవలే?" అంది అరుంధతి. నమస్తే కూడా పెట్టలేదు.

"నిన్ను పిలవకపోవడవేంటమ్మా!" అన్నాడాయన. మంచివాడే, అబద్ధమాడడం రాదు. "మొట్టమొదట అనుకున్నది నీ పేరే. ఫోన్లో చెప్పే మాట కాదు కదాని స్నిగ్ధతో చెప్పేను, నువ్వే వెంటబెట్టుకుని రా అని. ఆ అమ్మాయే వద్దంది. మీ అన్నయ్య యూనివర్సిటీలో లీడరట కదా. నీ నోట్లో మాట దాగదనీ, నిన్ను రానిస్తే రెండో రోజుకల్లా కుర్రాళ్ళు వచ్చి పడతారనీ చెప్పింది."

"స్నిగ్ధనా?"

"స్నిగ్ధేనమ్మా."

"మీరు నమ్మిన్రా సార్? రెండేండ్ల సంది మీ ముందర కూసుంటున్న గద!"

ఆయన ప్లేటులోకి చూశాడు. "అంతమంది పిల్లల బాధ్యతమ్మా. పెద్దవాళ్ళ దగ్గర మాటొస్తుందని భయపడ్డాను."

"పోనీ, ఇప్పుడొస్త. ఇవాళ్టి నుంచి వస్త సార్. ఎవ్వరికీ చెప్పను."

"ఇంకాసేపట్లో అందర్నీ విజయవాడ తీసుకెళ్ళిపోతున్నారమ్మా. నిన్న ఎవరో అమ్మాయి బిల్డింగు కింద నిలబడి చూసిపోయిందని వాచ్‌మన్ చెప్పేడు. కాలేజీవాళ్ళు హడలిపోయి రాత్రికి రాత్రే ఏర్పాట్లు చేసేరు. అక్కడ హాస్టల్లో చోటు లేదు, ఒక్కళ్ళని కూడా అదనంగా పట్టనివ్వరు."

"గా నిలబడ్డది నేనే సార్," అంది అరుంధతి.

బుచ్చిబాబు ఇడ్లీ అట్లాగే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

తార్నాక ఎట్లా చేరిందో ఆ పిల్లకు గుర్తు లేదు. ఈసారి తలుపు దబదబా బాదింది. వేపమండ అప్పటికే తీసేశారు. సుధామయి తలుపు తీసి, నవ్వు తెచ్చిపెట్టుకుని, "నిన్ననే తలస్నానం చేయించామమ్మా. గాలి మార్పుకని ఊరు..." అనబోయింది.

"విజయవాడకు ఆంటీ. నాకు తెల్సు. సార్ జెప్పిండు," అని ఆమెను తప్పుకుని లోపలికి పోయింది.

గదిలో స్నిగ్ధ సూట్‌కేసు మీద మోకాలు పెట్టి జిప్పు లాగుతోంది. అరుంధతిని చూసి లేచి నిలబడింది.

"సార్ నన్ను తోలుకరమ్మన్నప్పుడు నువ్వేమన్నవే?"

"అరూ, అదీ... మీ అన్నకి తెలిస్తే గొడవ అయితదని..."

"మా అన్న నిన్న అడిగిండు. క్లాసులు యాడ నడుస్తున్నయో తెల్సా అని మొకం మీదనే అడిగిండు. అప్పటికే నీ ఎంబడి నడిచొచ్చి అంత చూసిన. చూసి గూడ తెల్వదన్న. బుద్ధి తెలిసినకాన్నుంచి మా అన్నకు అబద్ధం చెప్పింది గదొక్కటే. ఇప్పుడు జెప్పు. నా నోట్ల మాట దాగదా?"

స్నిగ్ధ మంచం మీద కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. అరుంధతి కదల్లేదు. చివరికి స్నిగ్ధే తల వంచుకుని చెప్పింది. "మీ అన్న సంగతి ఊరికే అన్నా. అట్లా అంటే సార్ నమ్ముతారని అన్నా. నువ్వున్నంతకాలం నేను రెండోదాన్నే అరూ. పరీక్ష రాసి ఇంటికొస్తే అమ్మ నా మార్కులు అడగదు, అరుంధతికెంత అని అడుగుతది. ఒక్క నెల నువ్వు లేకుండా ఫస్టు ఉంటే ఎట్లుంటదో చూద్దామనుకున్నా. అంతే. అప్పుడు చెప్పిన అబద్ధం తర్వాత ఆపలేకపోయా."

తలుపు దగ్గర సుధామయి చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడి ఉంది.

అరుంధతికి అరికాలి మంట నెత్తికెక్కింది. "నేను లేకుంటనా? ఆ గదిల నువ్వు రాసిన జువాలజీ ఎవరిదే? ఫిజిక్స్ ఎవరు జెప్పిన్రు నీకు? నా గొంతు పోయేదాక జెప్పిన గదనే! నువ్వు ఫస్టు కావాలంటే చదువుకోరాదూ, మా అన్నను ఎందుకు దొంగను జేసినవ్? మా అమ్మ రోజు పొద్దున నీ పేరు మీద పోచమ్మకు నీళ్లు పోస్తున్నది, తెల్సా నీకు?"

"సారీ అరూ. వచ్చాక నీకు బాటనీ, కెమిస్ట్రీ మొత్తం చెప్తా. అమ్మ మీద ఒట్టు."

ఇక్కడ అరుంధతి చేసిన పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. ఛీ పొమ్మని వచ్చేయాల్సిన పిల్ల, కిందికి చూస్తూ, గొంతు తగ్గించి, "వచ్చినంక కాదు. ఇప్పుడు చెప్పు. ఎంతయితే అంత. ఫొటోసింథసిస్ ఒక్కటన్న చెప్పిపోవే," అంది. పౌరుషానికి పోతే సీటు పోతుంది. ఉన్నది ఒక్కటే ఏడాది. ఆ అడగడం తన చెవులకే ఎంత నీచంగా వినబడిందో, అయినా అడిగింది.

స్నిగ్ధ నోరు తెరిచింది కూడా. కింద వ్యాను హారను మోగింది. "టైమైపోయిందమ్మా, ఇప్పుడేం పాఠాలు!" అంది సుధామయి, సూట్‌కేసు అందుకుంటూ.

గుమ్మం దగ్గర స్నిగ్ధ వెనక్కి తిరిగింది. ఎర్రబడ్డ కళ్ళతో, "మునుపటిలాగే ఫ్రెండ్సే కదా మనం?" అంది.

"మునుపటి లెక్కనంటే ఎట్లనే?" అంది అరుంధతి. "నేను జెప్తుంటే నువ్వు నేర్చుకునుడు, నీ వంతు వచ్చేపాటికి మీ అమ్మ తలుపుకు వేపమండ కట్టుడు, గట్లనా? పో. వ్యాను పోతది."

వాళ్ళ కంటే ముందే మెట్లు దిగేసింది. ఎక్కడికి పోవాలో తెలియక కాళ్ళు అలవాటుగా యూనివర్సిటీ వైపు పోయాయి. ఆర్ట్స్ కాలేజీ వెనక మెట్ల మీద కూర్చుని సంచిలోంచి బాటనీ పుస్తకం తీసింది. మొదటి పేజీ నుంచి తనే చదువుకోవాలి. సగం సిలబస్సు అట్లాగే ఉంది, కాలేజీకి తాళం ఉంది, చెప్పేవాళ్ళు విజయవాడ పోయారు. ఒక్కొక్క వాక్యం రెండేసిసార్లు చదువుతోంది, ఒక్కటీ ఎక్కడం లేదు.

బిక్షపతి అక్కడికే వెతుక్కుంటూ వచ్చాడు. కాస్త దూరంలో అతని దోస్తులు ముగ్గురు నలుగురు ఆగి నిలబడ్డారు. ఎవరూ ఇటు చూడడం లేదు.

"ఆ క్లాసుల పత్తా దొరికి మేం పోయినమే ఆడికి," అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే భయమనిపించింది అరుంధతికి. "గది ఖాళీ చేసి పోయిన్రు. బెంచీలున్నయ్, బోర్డున్నది. బోర్డు మీద నిన్నటి తారీకున్నది. నిన్న ఒక ఆడపిల్ల కింద నిలబడి చాన్సేపు చూసిందని వాచ్‌మన్ జెప్పిండు. బక్కగ, రెండు జడలు, భుజానికి నీలం సంచి అన్నడు."

అరుంధతి నీలం సంచి మీద చెయ్యి పెట్టుకుంది.

"నువ్వు గూడ పోతున్నవా క్లాసులకు?"

"లేదన్నా. నన్ను రానియ్యలే."

"తెల్సు గని."

"తెల్సు."

"నిన్న నేనడిగినప్పుడు గూడ తెల్సు."

"తెల్సన్నా."

బిక్షపతి ముడవని మోచేయిని రెండో చేత్తో పట్టుకుని ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. "అండ్ల నీ దోస్తు ఉన్నదని దాచినవా?"

"ఔ," అంది. అంతసేపూ ఆపుకున్న ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది. "అది నా దోస్తనుకున్న అన్నా. నన్ను ముంచిందన్నా. నాకు తెల్వలే."

చెల్లెలు ఏడుస్తుంటే ఎప్పుడూ తల మీద చెయ్యి వేసే మనిషి. ఆ రోజు వెయ్యలేదు. దూరంగా నిలబడ్డ దోస్తుల వైపు ఒకసారి చూశాడు. వాళ్ళ ముందు తను వేసిన ఒట్టు గుర్తొచ్చి ఉంటుంది.

"అది నీ దోస్తు," అన్నాడు. "మరి నన్నెవరనుకున్నవే?"

లేచి వాళ్ళ దగ్గరికి నడిచి వెళ్ళిపోయాడు.